ఉత్తరం నుంచి ఓటీపీ దాకా: మోసపోయే మనసు కథ



చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, సంధులు అనుకుని మనం పరీక్షలకు చదువుతాం. దొంగలకు కూడా ఒక చరిత్ర ఉంది. అందులో తాళం పగలగొట్టని దొంగల చరిత్ర మరీ వింతగా ఉంటుంది. వీళ్లు గోడ దూకరు, కత్తి చూపరు. మాటలు చెప్పి మన పెట్టెను మన చేతే తెరిపిస్తారు. ఇవాళ మనం సైబర్ మోసం అని పిలిచేది ఆ వంశంలో ఆఖరున పుట్టిన బిడ్డ.

2024 ఒక్క ఏడాదిలో మన దేశంలో జనం సైబర్ మోసాల్లో సుమారు 22,845 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు తెలిపింది. ఈ పైసలు పోయినవాళ్లంతా చదువురానివాళ్లు కారు. వాళ్లలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, రిటైరైన ఆఫీసర్లున్నారు. మరి ఇంత చదువుకున్నవాళ్లు ఎట్లా మోసపోయారు? దీనికి జవాబు కంప్యూటర్ పుస్తకంలో దొరకదు. రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లి చూడాలి.

చెరసాల నుంచి వచ్చిన ఉత్తరాలు

ఫ్రాన్సులో 1789లో విప్లవం వచ్చింది. రాజు పోయాడు, జమీందారులు పారిపోయారు. ఆ గందరగోళంలో జైళ్లలో ఉన్న కొందరు దొంగలు ఒక ఉపాయం కనిపెట్టారు. డబ్బున్న వాళ్ల పేర్లు సంపాదించి ఉత్తరాలు రాసేవాళ్లు. “అయ్యా, నేను ఒక గొప్ప ప్రభువు దగ్గర సేవకుణ్ణి. పారిపోతూ నగల పెట్టెను మీ ఊరి దగ్గరే దాచాం. ఇప్పుడు నేను జైల్లో ఉన్నాను. కొంచెం సొమ్ము పంపితే ఆ చోటు చెబుతాను” అనేది ఆ ఉత్తరాల సారాంశం. వీటికి ‘జెరూసలేం ఉత్తరాలు’ అని పేరు. మొదట దొంగగా ఉండి తర్వాత పారిస్ పోలీసు అధికారి అయిన విదోక్ వీటి గురించి 1836లో తన పుస్తకంలో రాశాడు. నూరు ఉత్తరాలు రాస్తే ఇరవైకి జవాబు వచ్చేదట!

ఇదే కథ తర్వాత ‘స్పెయిన్ ఖైదీ’ అనే పేరుతో ఇంగ్లండు, అమెరికాలకు పాకింది. ఒక ధనవంతుడు స్పెయిన్ జైల్లో అన్యాయంగా ఇరుక్కున్నాడు, అతనికి ఒక కూతురు ఉంది, దాచిన నిధి ఉంది, విడిపిస్తే అందులో భాగం ఇస్తాడు. 1898 నాటికే అమెరికా పత్రికలు ఇది పాత మోసమని, మళ్లీ తలెత్తిందని రాశాయి. 1980ల తర్వాత ఇదే ఉత్తరం నైజీరియా నుంచి పోస్టులో, ఫ్యాక్సులో, ఆ తర్వాత ఈమెయిల్‌లో వచ్చింది. ఖైదీ పోయి మంత్రిగారి భార్య వచ్చింది, నగల పెట్టె పోయి బ్యాంకు ఖాతా వచ్చింది. ఆ దేశపు శిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన సెక్షన్ నంబరు 419. అందుకే వీటికి ‘419 ఉత్తరాలు’ అని పేరు పడింది.

ఈ ఉత్తరాలన్నింటిలో మూడు మాటలు తప్పకుండా ఉంటాయి. ఒకటి: పెద్ద లాభం ఉంది. రెండు: తొందరగా చెయ్యాలి. మూడు: ఎవరికీ చెప్పొద్దు. ఈ మూడో మాటను గుర్తుపెట్టుకోండి. మొదటి రెండు మాటలు మనసును లాగుతాయి, మూడోది మనల్ని ఒంటరిని చేస్తుంది. పక్కన మనిషి ఉంటే “ఇదేం కథరా?” అని ఒక్క ప్రశ్న అడుగుతాడు. ఆ ప్రశ్న రాకుండా చూడడమే మోసగాడి అసలు పని.

లేని దేశానికి ప్రయాణం

గ్రెగర్ మెక్‌గ్రెగర్ అనే స్కాట్లండు సైనికుడు 1820ల మొదట్లో లండన్‌కు వచ్చి, తాను మధ్య అమెరికాలోని ‘పోయాయిస్’ అనే దేశానికి పాలకుణ్ణని చెప్పుకున్నాడు. అక్కడ సారవంతమైన నేల ఉందని, రాజధాని నగరం ఉందని, ఓడరేవు ఉందని ఊరించాడు. 350 పేజీలకు పైగా ఉన్న పుస్తకం కూడా బయటికి వచ్చింది. పోయాయిస్ పేరుతో నోట్లు అచ్చువేశాడు. 1822లో ఆ దేశం పేరుమీద 2 లక్షల పౌండ్ల అప్పు పత్రాలు అమ్మకానికి పెట్టాడు. నిజానికి అక్కడ ఉన్నది అడవి, దోమలు, చిత్తడి నేల.

సుమారు 250 మంది రెండు ఓడల్లో బయలుదేరారు. తమ పౌండ్లు ఇచ్చి పోయాయిస్ నోట్లు తీసుకుని మరీ వెళ్లారు. దిగి చూస్తే నగరం లేదు. వానలు మొదలయ్యాయి, జ్వరాలు వచ్చాయి. వాళ్లలో ఎక్కువమంది చనిపోయారు. ఇంగ్లండుకు తిరిగి వచ్చింది ఏ యాభైమందో.

ఇక్కడే వింత. అట్లా బతికి వచ్చినవాళ్లలో కొందరు మెక్‌గ్రెగర్‌ను తిట్టలేదు. “తప్పు ఆయనది కాదు, ఆయన కింద పనిచేసినవాళ్లది” అని అతని తరఫున మాట్లాడారు. ఎందుకు? ఇల్లూ పొలమూ అమ్ముకుని, బిడ్డల్ని పోగొట్టుకుని వచ్చిన మనిషి “నేను నమ్మింది అంతా అబద్ధం” అని ఒప్పుకోవడం చాలా కష్టం. దానికంటే అబద్ధాన్ని ఇంకొంచెం నమ్మడమే సులువు. 1957లో లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయం మీద ఒక సిద్ధాంతం రాశాడు. మన నమ్మకమూ, మన కళ్లముందున్న నిజమూ ఒకదానితో ఒకటి పొసగకపోతే మనసుకు నొప్పిగా ఉంటుందని, ఆ నొప్పి తగ్గించుకోవడానికి మనం సాకులు వెతుక్కుంటామని దాని సారం. ఇవాళ మోసపోయిన మనిషి “లేదు, రేపు పైసలు వాపసు వస్తాయి, ఆయన మాట ఇచ్చాడు” అంటే మనకు కోపం వస్తుంది. కానీ అది మొండితనం కాదు, గాయం.

చట్టం కంటే ముందు పరుగెత్తిన దొంగలు

తీగల టెలిగ్రాఫు రాకముందు ఫ్రాన్సులో కొండలమీద బురుజులు కట్టి, చెక్క చేతులు ఆడించి సంకేతాలు పంపేవాళ్లు. అది ప్రభుత్వం వాడుకోవడానికి మాత్రమే. 1834లో బోర్డో నగరంలో బ్లాంక్ సోదరులు అనే ఇద్దరు వ్యాపారులు, తూర్ పట్టణంలోని టెలిగ్రాఫు ఉద్యోగికి లంచం ఇచ్చి ప్రభుత్వ సందేశాల మధ్యలో తమ సంకేతాన్ని ‘పొరపాటు’లాగా దూర్చారు. పారిస్ మార్కెట్టు ధరలు అందరికంటే ముందే వాళ్లకు తెలిసిపోయేవి. రెండేళ్లపాటు లాభం చేసుకున్నారు. లంచం తిన్న ఉద్యోగి జబ్బుపడి రహస్యం బయటపెట్టడంతో 1836లో దొరికిపోయారు. అయితే ఆ యంత్రాన్ని అట్లా వాడడం నేరమని చెప్పే చట్టం అప్పటికి లేదు. లంచం కేసు తప్ప ఇంకేదీ నిలవలేదు. చాలామంది దీన్ని ప్రపంచంలో మొదటి సైబర్ నేరం అంటారు.

2000 మే నెలలో ఇదే మళ్లీ జరిగింది. ‘ఐ లవ్ యూ’ అనే పేరుతో ఒక ఈమెయిల్ ఫిలిప్పీన్స్ నుంచి బయలుదేరి ప్రపంచమంతా లక్షల కంప్యూటర్లను పాడుచేసింది. జనం దాన్ని ఎందుకు తెరిచారు? తెలిసినవాళ్ల పేరుమీద వచ్చింది, అందులో ప్రేమ అనే మాట ఉంది. అంతే! అప్పుడు ఆ దేశంలో కూడా సరిపోయే చట్టం లేక కేసు నిలవలేదు. అదే ఏడాది అక్టోబరు 17న మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం అమల్లోకి వచ్చింది. తర్వాత చేర్చిన 66డీ సెక్షన్ ప్రకారం కంప్యూటర్, ఫోన్ ద్వారా ఇంకొకరిలా నటించి మోసం చేస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. చట్టం నడిచి వస్తుంది, దొంగ బండి ఎక్కి వస్తాడు. మధ్యలో ఉన్న ఆ ఖాళీలో మనల్ని కాపాడాల్సింది మన జాగ్రత్తే.

“మనోడే” అనే మాట

1920లో అమెరికాలోని బోస్టన్ నగరంలో చార్లెస్ పాంజీ అనే ఇటలీ వలసదారు ఒక స్కీము పెట్టాడు. 45 రోజుల్లో 50 శాతం లాభం ఇస్తానన్నాడు. విదేశీ తపాలా కూపన్లు ఒక దేశంలో చౌకగా కొని ఇంకో దేశంలో మారుస్తానని చెప్పాడు. మొదట కట్టినవాళ్లకు నిజంగానే పైసలు ఇచ్చాడు. అవి ఎక్కడివి? తర్వాత కట్టినవాళ్లవి. అతను చెప్పే వ్యాపారం నిజం కావాలంటే 16 కోట్ల కూపన్లు కావాలని, ప్రపంచంలో చలామణిలో ఉన్నవి 27,000 మాత్రమేనని క్లారెన్స్ బారన్ అనే ఆర్థిక పత్రికల సంపాదకుడు లెక్కగట్టి చూపాడు. ఆ మాట పేపర్లో వచ్చాక కూడా జనం వరసలో నిలబడి డబ్బు కట్టారట! ఆగస్టులో అంతా కూలిపోయింది.

పాంజీ దగ్గర మొదట చేరినవాళ్లలో చాలామంది అతనిలాగే ఇటలీ నుంచి వచ్చిన కూలీలు, చిన్న దుకాణాలవాళ్లు. మెక్‌గ్రెగర్ ఓడలు ఎక్కినవాళ్లలో కూడా ఎక్కువమంది అతని సొంత స్కాట్లండువాళ్లే. ఇది మనకు చాలా దగ్గరి సంగతి. సోలాపూర్‌లో మన తెలుగువాళ్లు తరాల కిందట నేతపనికి వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, బ్యాంకు ఫోన్ వస్తే హిందీ. ఇట్లా బతికేవాళ్లకు ఎవరైనా “ఏం కాకా, బాగున్నవా?” అని మన భాషలో పలకరిస్తే ప్రాణం లేచి వస్తుంది. మన ఆడవాళ్లు బీడీలు చుట్టిన పైసలు దాచుకుని భిషి వేసుకునేది కూడా ఆ నమ్మకంతోనే. అటు ఆంధ్ర, తెలంగాణల్లో దాన్ని చిట్టీ అంటారు. భిషి తప్పు కాదు. అందులో ఎవరు కట్టారో, ఎవరు ఎత్తారో అందరికీ కనపడుతుంది. కానీ అదే నమ్మకాన్ని వాడుకుని ఒకడు వాట్సాప్ గ్రూపు పెట్టి “మనోళ్లందరూ కట్టారు, నువ్వే మిగిలినవ్” అంటే అక్కడ ఆగాలి. భాష ఒకటైనంత మాత్రాన లెక్క సరిపోదు. బారన్ వేసిన ప్రశ్నే మనమూ వెయ్యాలి: ఈ లాభం ఎక్కడినుంచి వస్తోంది?

యూనిఫాం చూస్తే వణుకు

1925లో విక్టర్ లుస్టిగ్ అనేవాడు పారిస్‌లో ప్రభుత్వ అధికారి వేషం వేసి, ఐఫిల్ టవర్‌ను పాత ఇనుముకింద అమ్ముతున్నామని వ్యాపారులను పెద్ద హోటల్‌కు పిలిచాడు. జనం గొడవ చేస్తారు కాబట్టి రహస్యంగా ఉంచమన్నాడు. పైగా ఒక వ్యాపారిని లంచం కూడా అడిగాడట. లంచం అడిగేసరికి “అయితే నిజమైన ఆఫీసరే” అని ఆ వ్యాపారికి నమ్మకం కుదిరిందని చెబుతారు! మోసం తెలిశాక సిగ్గుతో అతను పోలీసుల దగ్గరికి వెళ్లలేదు.

అధికారం అనేది మనసుమీద ఎట్లా పనిచేస్తుందో 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ పరీక్షించాడు. ఒక గదిలో మామూలు మనిషిని కూర్చోబెట్టి, పక్క గదిలో ఉన్నవాడు తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ ఇవ్వమన్నాడు. షాకులు నిజంవి కావు. ఆ సంగతి మీట నొక్కేవాడికి తెలియదు. కోటు వేసుకున్న ఒక పరిశోధకుడు పక్కన నిలబడి “కొనసాగించండి” అనేవాడు. 40 మందిలో 26 మంది ఆఖరి 450 వోల్టుల దాకా వెళ్లారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. చాలామంది చెమటలు కక్కుతూ, వణుకుతూ నొక్కారు. పైవాడు చెప్పాడు కాబట్టి చేశారు.

ఇప్పుడు ‘డిజిటల్ అరెస్ట్’ సంగతి చూడండి. ఫోన్ వస్తుంది. “మీ పేరుమీద వచ్చిన పార్సిల్లో మత్తుమందులు దొరికాయి” అంటారు. వెంటనే వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సులో ఒకడు, వెనకాల గోడమీద బొమ్మ, చేతిలో వారెంటు. కెమెరా ముందునుంచి లేవొద్దంటారు. ఇంట్లోవాళ్లకు చెప్పొద్దంటారు. 2024లో పంజాబ్‌కు చెందిన ఎనభై దాటిన ఒక పెద్ద పారిశ్రామికవేత్తకు ఏకంగా నకిలీ సుప్రీంకోర్టు విచారణే చూపించి 7 కోట్లు గుంజారు. వేల మందికి పని ఇచ్చిన మనిషి ఆయన. తెలివి తక్కువై కాదు, భయం తెలివిని కప్పేసి అట్లా జరిగింది. మన దేశ చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఏ పోలీసూ, ఏ జడ్జీ వీడియో కాల్‌లో అరెస్టు చెయ్యరు, డబ్బు పంపమనరు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ఇదే చెప్పారు: ఆగండి, ఆలోచించండి, చర్య తీసుకోండి.

చిన్న అడుగు, పెద్ద గొయ్యి

1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలిఫోర్నియాలో ఒక ప్రయోగం చేశారు. మీ ఇంటి ముందు పెద్ద అందవికారమైన ట్రాఫిక్ బోర్డు పెట్టుకుంటారా అని నేరుగా అడిగితే 17 శాతం మందే సరేనన్నారు. అంతకు రెండు వారాల ముందు అదే సంగతిమీద చిన్న కాగితం కిటికీలో అంటించుకున్నవాళ్లను అడిగితే 76 శాతం ఒప్పుకున్నారు. ఒకసారి చిన్న ‘సరే’ అన్న మనిషికి పెద్ద ‘వద్దు’ అనడం కష్టం.

ఫోన్లో వచ్చే ‘పార్ట్ టైమ్ పని’ మోసం మొత్తం దీనిమీదే నడుస్తుంది. వీడియోకు లైక్ కొడితే 150 రూపాయలు నిజంగానే వేస్తారు. రెండోరోజు వెయ్యి కడితే పదమూడు వందలు ఇస్తారు. తర్వాత యాభైవేలు, ఆ తర్వాత లక్ష. ఇక ఇవ్వరు. “ఇంకో యాభైవేలు కడితే మొత్తం విడుదల అవుతుంది” అంటారు. పోయినదాన్ని రాబట్టుకోవాలనే ఆశతో మనిషి ఇంకా కడతాడు. పాంజీ మొదట డబ్బు ఎందుకు ఇచ్చాడో ఇప్పుడు అర్థమైంది కదా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఫోన్ అవతల ఉన్నవాళ్లలో కొందరు బందీలు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో, కంప్యూటర్ ఉద్యోగాలని చెప్పి యువకులను కంబోడియాకు పంపి అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని బలవంతంగా సైబర్ మోసాలు చేయించారని తేలింది. అంటే ఉద్యోగం ఆశ చూపి మోసంచేసిన పిల్లల చేత మళ్లీ ఇంకొకరిని మోసం చేయిస్తున్నారు. పదో తరగతి, ఇంటర్ తర్వాత పని వెతుక్కునే మనలాంటివాళ్లు ఈ ముక్క మరిచిపోకూడదు.

సిగ్గు ఎవరికి లాభం?

మా పేటలో ఒక అవ్వ ఫోనుకు “బిల్లు కట్టలేదు, ఈ రాత్రి 9:30కి కరెంటు కట్ చేస్తాం” అని మెసేజ్ వచ్చింది. కింద ఉన్న నంబరుకు చేస్తే ఒక యాప్ వేసుకోమన్నారు. ఖాతాలోని బీడీల పైసలు పోయినయి. ఇంట్లో అందరూ “నీకు ఫోనెందుకు?” అని నవ్వారు. “నా పైసలు పోయినయి బిడ్డా, పైనుంచి నన్నే తిడుతుండ్రు” అని ఆమె ఏడ్చింది. ఆ తర్వాత ఏ మెసేజ్ వచ్చినా ఆమె ఎవరికీ చూపించడం మానేసింది. చూశారా? మోసగాడు “ఎవరికీ చెప్పొద్దు” అని కోరుకుంటాడు. మనం నవ్వి ఆ కోరిక తీరుస్తున్నాం.

జైలు ఉత్తరాల కాలం నుంచి ఇప్పటిదాకా మోసగాళ్లను కాపాడింది సిగ్గే. ఐఫిల్ టవర్ కొన్న వ్యాపారి నోరు మూసుకోవడం వల్లే లుస్టిగ్ మళ్లీ అదే మోసానికి ప్రయత్నించగలిగాడని చెబుతారు. ఇవాళ నోరు మూసుకుంటే నష్టం ఇంకా ఎక్కువ. ఎందుకంటే పైసలు ఖాతానుంచి ఖాతాకు నిమిషాల్లో పరుగెత్తుతాయి. 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేస్తే ఆ సొమ్ము దారిలో ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. గంట ఆలస్యమైనా అవకాశం తగ్గుతుంది. ఆ గంట ఎక్కువసార్లు ఎక్కడ పోతుంది? “ఇంట్లో ఏమంటారో” అనే ఆలోచనలో.

కాబట్టి మనం పాటించాల్సినవి ఇవి:

1. ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పకూడదు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి అక్కర్లేదు.
2. తొందరపెట్టే ఫోన్‌ను పెట్టేసి, అసలు ఆఫీసు నంబరుకు మనమే చెయ్యాలి.
3. “ఎవరికీ చెప్పొద్దు” అన్న మాట వినపడగానే ఇంట్లో ఒకరికి చెప్పాలి.
4. ఎవరైనా మోసపోయామని వస్తే ముందు 1930కి ఫోన్, తర్వాతే ప్రశ్నలు. తిట్లు అసలే వద్దు.

మన ఇళ్లలో ఇంగ్లిషు, హిందీ, మరాఠీ మెసేజ్‌లు చదివి పెద్దవాళ్లకు తెలుగులో చెప్పేది మనమే. ఆ పని విసుక్కోకుండా చేద్దాం. అమ్మమ్మ పదోసారి ఫోన్ తెచ్చి “ఇదేంది బిడ్డా, చూడు” అంటే పదోసారి కూడా చూద్దాం. ఆమె అట్లా అడిగినన్నాళ్లూ ఆమె పైసలు భద్రంగా ఉన్నట్టే.